కాలు ఆగితే కంటికి పని చెప్పండి

పార్కిన్సన్స్ అనగానే అందరికీ వణికే చెయ్యి గుర్తొస్తుంది. ఇంట్లో పెద్దాయనకు ఆ జబ్బుందని తెలిసి చూడ్డానికొచ్చిన చుట్టాల చూపు మొదట ఆయన వేళ్ళ మీదికే పోతుంది. ఇంట్లోవాళ్ళను రోజూ సతాయించేది మాత్రం వణుకు కాదు, గడప. వరండాలో బాగానే నడిచొచ్చిన మనిషి గది వాకిలి దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోతాడు. నడుము పైభాగం ముందుకు పోవాలని చూస్తుంది, మడమలు లేస్తాయి, అడుగు పడదు. వెనకనుంచి కోడలు "బిన్నా రా మామా" అంటుంది. కొడుకు ముందునుంచి చెయ్యి పట్టి లాగుతాడు. ఒళ్ళు ముందుకొస్తుంది, కాళ్ళు అక్కడే ఉంటాయి, మనిషి బోర్లా పడతాడు.

ఆ మనిషే మిద్దె మెట్లు ఒకటొకటిగా చక్కగా ఎక్కిపోతాడు. అది చూసినప్పుడు ఇంట్లో అనుమానం మొదలవుతుంది. మెట్లెక్కేవాడికి గడప దాటడం రాదా? మనం పిలిచినప్పుడే ఆగిపోతున్నాడంటే మొండితనమేనా? ఈ అనుమానం జబ్బు కన్నా ఎక్కువ బాధపెడుతుంది. అందుకే ముందే చెబుతున్నాను, అది మొండితనం కాదు, నటన అంతకన్నా కాదు. చూపుకూ నడకకూ మధ్య ఉన్న లంకె ఈ జబ్బులో ఒక తీరుగా తెగి, ఇంకో తీరుగా బిగుసుకుంటుంది. ఆ తీరు తెలిస్తే గడప దగ్గర ఏం చెయ్యాలో మీకే తోస్తుంది.

నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఇళ్ళు మనసులో పెట్టుకుని ఈ అధ్యాయం రాస్తున్నాను. ఈ జబ్బులో మాత్రల పట్టీతో పాటు ఇంటి నేల, గడప రంగు, నడవలో దీపం కూడా లెక్కలోకొస్తాయి. అవి ఊరిని బట్టి మారతాయి.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును 1817లో ఒక చిన్న పుస్తకంలో మొదటిసారి విడమరిచి చెప్పాడు. ఆయన చూసింది ఆరుగురిని, వాళ్ళలోనూ కొందరిని వీధిలోనే చూశాడు. అంత తక్కువమందిని చూసి అంత సరిగ్గా రాయడం ఆశ్చర్యమే. ఒక్కచోట మాత్రం ఆయన అంచనా నిలబడలేదు. జ్ఞానేంద్రియాలకూ బుద్ధికీ ఈ జబ్బు వల్ల దెబ్బ తగలదని రాశాడు. ఆ మాట చాలాకాలం చెల్లింది. ఇప్పుడు మనకు తెలిసింది వేరు. వాసన తెలియకపోవడం ఈ జబ్బులో వణుకు కన్నా ఏళ్ళ ముందే మొదలుకావచ్చు. చూపు కూడా మారుతుంది, కాకపోతే ఆ మార్పు కంటి పరీక్ష బోర్డు మీద దొరకదు.

కారణం డోపమైన్ అనే రసాయనం తగ్గడం. మెదడు అడుగుభాగంలో నల్లగా కనిపించే చిన్న మచ్చలాంటి చోట ఉన్న కణాలు దాన్ని తయారుచేస్తాయి. ఆ కణాలు క్రమంగా చచ్చిపోవడమే ఈ జబ్బు. డోపమైన్ వాడకం మెదడులోనే కాదు, కంటి వెనక ఉన్న రెటీనా పొరలో కూడా ఉంది. వెలుగు నుంచి నీడను, ఒక ఛాయ నుంచి పక్క ఛాయను విడదీసి చూపించే పనిలో దానికి భాగముంది. అది తగ్గితే అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి గాని వస్తువుల అంచులు పలచబడతాయి. కంటి డాక్టరు గోడ మీది నల్లక్షరాలు చదవమంటాడు, తెల్లబోర్డు మీద నల్లరంగు కాబట్టి పెద్దాయన చివరి వరుస దాకా చదివేస్తాడు. "మీ చూపు బాగుందండీ" అని పంపిస్తారు. ఇంటికొచ్చి సందెవేళ బూడిదరంగు మెట్టు మీది బూడిదరంగు అంచు తెలియక తూలిపడతాడు. రెండూ నిజమే.

ఈ కంటి మార్పుల్లో కొన్నిటికి సర్దుబాటు చాలా తేలిక. స్టీలు కంచంలో తెల్లన్నం, దాని మీద పెరుగు పెడితే ఈ చూపుకు అన్నం ఎక్కడ ముగిసి కంచం ఎక్కడ మొదలైందో తెలియదు. సగం అన్నం అంచునే మిగులుతుంది, "ఆకలి పోయింది" అని మనం బెంగపడతాం. అరిటాకులోనో విస్తట్లోనో, లేదా ముదురురంగు పళ్ళెంలోనో పెట్టి చూడండి. గ్లాసు కూడా అంతే. తెల్లని పింగాణీ కప్పులో పాలు పోసిస్తే ఎంత నిండిందో కనిపించదు.

రెప్పలు కొట్టడం కూడా తగ్గిపోతుంది. మామూలు మనిషి నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు రెప్ప వేస్తాడు, ఈ జబ్బులో అది బాగా తగ్గుతుంది. కన్ను ఎండిపోయి మంట పుడుతుంది, చూపు మసకేస్తుంది. ఈ ప్రాంతంలో వేసవి గాలికి అది ఇంకా ఎక్కువవుతుంది. కంటి డాక్టరును అడిగితే చుక్కల మందుతో సర్దుకునే విషయం ఇది. ఇక పేపరు చదివేటప్పుడు అక్షరాలు రెండుగా కనబడితే అది చత్వారం కాకపోవచ్చు. దగ్గర వస్తువును చూడాలంటే రెండు కళ్ళూ ముక్కు వైపు కలిసి తిరగాలి, ఆ తిరగడం ఇక్కడ బలహీనపడుతుంది. ఒక కన్ను మూస్తే రెండు బొమ్మలు ఒకటైపోతాయా లేదా చూసి ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, ఆయనకు చాలా పని తగ్గుతుంది.

అద్దాల గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పైన దూరం, కింద దగ్గర చూపించే రెండు పవర్ల అద్దాలతో ఈ జబ్బున్నవాళ్ళు నడవకూడదు. వంగి నడిచే మనిషి నేలను అద్దం కింది భాగంలోంచి చూస్తాడు. అది పేపరు చదవడానికి చేసిన పవరు, మెట్టు దానిలో మసకగా కనిపిస్తుంది. నడిచేందుకు ఒక జత, చదివేందుకు ఒక జత పెట్టుకోవడం మంచిది. శుక్లాలుంటే ఆపరేషన్ వాయిదా వెయ్యకండి. "ఎట్లాగూ జబ్బుంది కదా, ఇప్పుడెందుకు" అనేది తలకిందుల లెక్క. నడక కోసం కంటి మీద ఆధారపడాల్సిన మనిషికి కన్ను ఇంకా బాగుండాలి.

గీత దాటే కాలు

మనం నడిచేటప్పుడు అడుగుల గురించి ఆలోచించం. కూరగాయల సంచి మోస్తూ, ఫోన్లో మాట్లాడుతూ, గాంధీ చౌక్‌లో ఆటోలను తప్పించుకుంటూ నడిచేస్తాం. అడుగు ఎంత పొడవుండాలో, ఎప్పుడు లేవాలో మెదడు లోపలి యంత్రాంగం చూసుకుంటుంది. డోపమైన్ తగ్గినప్పుడు చెడేది ఆ యంత్రాంగమే. అడుగు వెయ్యడం చేతగాక కాదు, ఎంత పెద్ద అడుగు వెయ్యాలన్న కొలత లోపలినుంచి రాదు. అందుకే అడుగు కురచబడుతుంది, తర్వాత ఇంకా కురచబడుతుంది, చివరికి ఆగిపోతుంది. డాక్టర్లు దీన్ని ఫ్రీజింగ్ అంటారు.

లోపలినుంచి రాని కొలతను బయటినుంచి కంటికి ఇస్తే? జేమ్స్ పర్డన్ మార్టిన్ అనే ఇంగ్లీషు నరాల వైద్యుడు 1967లో తన పుస్తకంలో దీని గురించి రాశాడు. నేల మీద నడిచే దారికి అడ్డంగా గీతలు గీస్తే, అంతవరకూ కదల్లేని మనిషి వాటిని దాటుకుంటూ నడిచిపోతాడు. అవే గీతలు దారి వెంబడి నిలువుగా గీస్తే ఉపయోగం లేదు. తర్వాత 1990ల్లో ఆస్ట్రేలియాలో మెగ్ మోరిస్, రాబర్ట్ ఇయాన్సెక్ బృందం అడుగుల పొడవు కొలిచి చూపించింది. గీతలిస్తే కురచబడిన అడుగు మామూలు పొడవుకు దగ్గరికొస్తుంది. అంటే నడక చెరిగిపోలేదు, దాన్ని పిలిచే దారి మారింది. లోపలి దారి మూసుకుపోతే చూపు నుంచి వచ్చే దారిలో మెదడు కాలును కదిలిస్తుంది. మెట్ల రహస్యం కూడా ఇదే. ప్రతి మెట్టూ ఒక అడ్డగీత.

పుణెకు చెందిన మిలేహా సోనేజీ అనే డిజైనర్ తన మామయ్యలో ఇదే గమనించింది. సమతలం మీద నడవలేని ఆయన మెట్లు మాత్రం సునాయాసంగా దిగేవాడు. ఆమె ఇంటి నేల మీద మెట్లున్నట్టు భ్రమ కలిగించే బొమ్మ గీసింది. మెట్లు లేవని ఆయనకూ తెలుసు, అయినా వాటి మీద ఆయన నడక సాగింది. వీడియోలో చూస్తే నమ్మబుద్ధి కాదు. కంటికి తెలిసిన అబద్ధం కూడా కాలుకు సరిపోతుందన్నమాట.

నెదర్లాండ్స్‌లో ఇంకో మనిషి సంగతి 2010లో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. 58 ఏళ్ళు, పదేళ్ళుగా జబ్బు. నాలుగడుగులు వేస్తే పడిపోయేవాడు. సైకిలెక్కిస్తే మామూలు మనిషిలా తొక్కుకుంటూ పోయాడు, దిగగానే మళ్ళీ కాలు ఆగింది. ఇది చదివి మీరు మీ నాయనను నంద్యాల రోడ్డు మీదికి సైకిలిచ్చి పంపవద్దు. చెప్పదలిచింది ఒక్కటే. కాలు చచ్చుబడలేదు. అది ఆగింది, దాన్ని కదిలించే ఆనవాలు దానికి అందలేదు.

ఇక మన ఇళ్ళ సంగతికొద్దాం. ఈ జిల్లాలో పాత ఇళ్ళ నేల చాలావరకు బేతంచెర్ల నాపరాయి. బండకూ బండకూ మధ్య సిమెంటు అతుకు స్పష్టంగా కనిపిస్తుంది, అది అడుగడుగునా అడ్డగీతే. ఎవరూ అనుకోకుండా వేసిన వైద్యం అది. కొత్త ఇల్లు కట్టినవాళ్ళు గదంతా ఒకే ముక్కలా మెరిసే పెద్ద టైల్స్ వేయిస్తున్నారు. అతుకు కనబడదు, పైగా కిటికీ వెలుతురు పడి నీళ్ళు పరిచినట్టు మెరుస్తుంది. పాతింట్లో బాగా నడిచిన పెద్దాయన కొడుకు కట్టిన కొత్తింటికొచ్చాక నడక చెడిందంటే జబ్బు ముదిరిందని వెంటనే అనుకోకండి, ముందు నేల చూడండి.

టైల్స్ పీకించాల్సిన పనిలేదు. ఎక్కడ ఆగిపోతున్నాడో అక్కడ, నడిచే దారికి అడ్డంగా, మూరెడు దూరానికొకటిగా రంగు టేపు అంటించండి. తెల్లటి టైల్స్ మీద నల్లటేపో ఎర్రటేపో వెయ్యండి. నల్లని కడప బండ మీదైతే తెలుపో పసుపో బాగుంటుంది. ఏ రంగన్నది అంత ముఖ్యం కాదు, నేల లేతగా ఉంటే టేపు ముదురుగా, నేల ముదురుగా ఉంటే టేపు లేతగా ఉండాలి. టేపు అంచులు లేచి కాలికి తట్టుకోకుండా చూడాలి. ఇల్లంతా గీతలు పెడితే కంటికి వాటి విలువ పోతుంది. మంచం నుంచి బాత్రూముకు పోయే దారి, వంటింటి వాకిలి, మలుపు, అంతే.

గీత గీసుకుని పని చెయ్యడం ఆళ్లగడ్డకు కొత్తేం కాదు. అక్కడ రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే శిల్పులు రాతి మీద కొలతగీతలు పడకుండా ఉలి పెట్టరు. ఎంత చెయ్యి తిరిగిన శిల్పికైనా ఆ గీత కావాలి. జబ్బు మనిషికి నేల మీది గీత కూడా అలాంటిదే, దాన్ని చూసి ఆయన సిగ్గుపడాల్సిన అవసరం లేదు. మీరూ వచ్చినవాళ్ళకు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఫ్రాన్స్‌లోని మార్సే నగరంలో పరిశోధకులు 1999లో ఒక పరీక్ష చేశారు. అడ్డగీతల మీద నడుస్తున్నవాళ్ళ మీద టపటపా వెలిగి ఆరే దీపం వేశారు. గీతలు కనిపిస్తూనే ఉన్నాయి, కాని అవి కాళ్ళ కిందుగా వెనక్కి జరగడం కంటికి అందలేదు. దాంతో గీతల మేలు పోయింది. నడిచేటప్పుడు నేల వెనక్కి కదలడమే ఈ కంటికి ఊతమన్నమాట. నడవలో మిణుకుమిణుకుమనే ట్యూబులైటు ఉంటే మార్చెయ్యండి. వాళ్ళ పరీక్ష ట్యూబులైటుతో కాదు గాని, ఆ మార్పుకయ్యే ఖర్చు ఎంత!

గడప, మలుపు, గుంపు

2010లో లండన్‌లో వాకిలి వెడల్పులు మార్చి నడిపించి చూశారు. వాకిలి ఇరుకయ్యేకొద్దీ ఆరోగ్యవంతులు కూడా కాస్త నెమ్మదిస్తారు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు అవసరానికి మించి నెమ్మదించారు, అడుగులు మరీ కురచయ్యాయి. ఇరుకును కన్ను ముందే పసిగట్టి కాలుకు ఎక్కువ చేసి చెబుతుంది. కాబట్టి వాకిలిని వెడల్పుగా కనిపించేలా చెయ్యడం మన పని. తలుపు పక్కన బియ్యం డబ్బా, చెప్పుల స్టాండు, నీళ్ళ క్యాను ఉంటే తియ్యండి. తలుపు సగం తెరిచి ఉంచకండి, గోడకానేదాకా తెరవండి. కర్టెను ఉంటే పైకి కట్టెయ్యండి.

గడప విషయంలో మన పెద్దవాళ్ళ ఆచారం భలే పనికొస్తుంది. పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన గడప నల్లబండ పక్కన దూరం నుంచే కనిపిస్తుంది. గడప ముందు ఆడవాళ్ళు వేసే అడ్డగీతల ముగ్గు సరిగ్గా కాలు దాటాల్సిన చోటే ఉంటుంది. పొడిపిండి మాత్రం నున్నటి బండ మీద జారుతుంది, తడిముగ్గో రంగో అయితే మేలు. వాకిట్లో గజిబిజి ముగ్గు నిండుగా వేస్తే కొందరు ఎక్కడ అడుగు పెట్టాలో తోచక ఆగుతారు, వాళ్ళకు పక్కన దారి వదలండి. నల్లని కాలిపట్టాలు కూడా ఇబ్బందే, పలచబడిన చూపుకు అవి గుంటల్లా కనిపిస్తాయి. పట్టాలు తీసేస్తే కాలికి తట్టుకునే బాధ కూడా తగ్గుతుంది.

సరే, ఇంత చేసినా ఆగిపోయాడు. అప్పుడేం చెయ్యాలి? మొదట ఎవరూ మాట్లాడకండి. "నడువు, నడువు" అంటుంటే ఉన్న కాస్త ధ్యాస మీ మాట మీదికి పోతుంది. లాగకండి, నెట్టకండి. ఆయన నిటారుగా నిలబడి ఒక శ్వాస తీసుకోవాలి. బరువు కుడికాలి మీదికి, ఎడమకాలి మీదికి మెల్లగా ఊగించాలి. బరువు తీసిన కాలే లేస్తుంది, రెండు కాళ్ళ మీద సమంగా నిలబడితే ఏదీ లేవదు. తర్వాత ముందున్న గీతనో బండ అతుకునో చూసి, దాన్ని దాటాలనుకుని పెద్ద అడుగు వెయ్యాలి. అక్కడ గీత లేకపోతే మీరు పక్కన నిలబడి మీ పాదం ఆయన కాలి ముందు అడ్డంగా పెట్టండి. "నా కాలు దాటు నాయనా" అనండి. గడప దాటలేని కాలు మీ పాదాన్ని దాటుతుంది. కొడుకు పాదం దాటడానికి సంకోచించే పెద్దవాళ్ళుంటారు, వాళ్ళకు చేతికర్ర అడ్డంగా పెట్టండి.

మలుపు తిరగడం గడప కన్నా ప్రమాదం. నిలబడినచోటే గిర్రున తిరిగితే ఒక కాలు ఇంకో కాలికి అడ్డుపడుతుంది. ఎద్దులబండి మలుపు తిప్పినట్టు వెడల్పుగా చుట్టి తిరగాలి. కుర్చీలో కూర్చునేటప్పుడు కూడా దూరం నుంచే కుర్చీని అందుకోవాలని చెయ్యి చాచకూడదు. కాళ్ళ వెనకభాగం కుర్చీకి తగిలాకే కూర్చోవాలి. రెండు పనులు కలపకూడదన్నది ఇంకో నియమం. నీళ్ళ గ్లాసు పట్టుకుని, టీవీ వైపు చూస్తూ, మనవడికి జవాబు చెబుతూ నడవడం ఇక కుదరదు. నడిచేటప్పుడు నడకే.

చూపుతో పాటు చెవిని కూడా వాడుకోవచ్చు. తాళం పడితే అడుగు దానికి కుదురుకుంటుంది. మన రాయలసీమ పల్లెల్లో చెక్కభజన చేసినవాళ్ళకు, కోలాటం ఆడినవాళ్ళకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒక నిలకడైన తాళం ఉన్న భజన ఫోన్లో పెట్టి ఉదయం వరండాలో నాలుగు సార్లు తిప్పండి. హుషారు పాటలో వేగం పెరుగుతూ పోతే అడుగులు కూడా పరుగులవుతాయి, అలాంటివి వద్దు.

మహానందికో అహోబిలానికో తీసుకెళ్ళాలని ఉంటుంది. తీసుకెళ్ళండి, కాని పండగ రోజున కాదు. చుట్టూ మనుషులు కదులుతుంటే ఏది కదులుతోంది, నేనెక్కడున్నాను అన్నది ఈ చూపు తేల్చుకోలేదు, గుంపులో కాలు ఆగుతుంది. కార్తీక సోమవారం మహానంది అట్లాంటి చోటు. మామూలు రోజు పొద్దున, మందు పనిచేస్తున్న వేళ పోతే స్వామి కూడా తీరిగ్గా కనిపిస్తాడు. ఎగువ అహోబిలం రాళ్ళదారులు మాత్రం వద్దే వద్దు, దిగువ అహోబిలం చాలు.

చీకటి, నీడలు

నడకకు చూపే ఊతమైనప్పుడు చీకటి రెట్టింపు శత్రువు. రాత్రి రెండు గంటలకు మూత్రానికి లేవడం, మందు ప్రభావం దిగిపోయి ఉండడం, కరెంటు లేకపోవడం, ఈ మూడూ కలిసిన రాత్రే చాలా ఇళ్ళలో తుంటి ఎముక విరిగే రాత్రి. మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపాలు పెట్టండి, కరెంటు పోయినా వెలిగేవి ఒకటి రెండు ఉండాలి. ఈ జబ్బులో లేవగానే రక్తపోటు పడిపోయి కళ్ళు చీకట్లు కమ్మడం కూడా ఉంటుంది. మంచం అంచున కాసేపు కూర్చుని, తర్వాత నిలబడి, అప్పుడు నడవాలి. బాత్రూము పెరట్లో ఉంటే రాత్రికి గదిలోనే ఏర్పాటు చెయ్యండి, దాంట్లో నామోషీ ఏం లేదు.

ఇంకొక సంగతి చాలామంది డాక్టరుకు చెప్పరు. సందెవేళ దండెం మీది చొక్కా ఎవరో నిలబడినట్టు కనిపిస్తుంది. పక్కనుంచి పిల్లి పోయినట్టు, వెనక ఎవరో ఉన్నట్టు అనిపిస్తుంది. కొన్నాళ్ళకు చనిపోయిన అవ్వ వచ్చి మంచం మీద కూర్చుందని చెప్పవచ్చు. ఇంట్లో వెంటనే గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. కంటి నుంచి వచ్చే సమాచారం పలచబడితే మెదడు ఖాళీలను తనే నింపుకుంటుంది, అందుకే ఇవి మసకవెలుతురులో ఎక్కువ. లైటు వేసి, దండెం మీది బట్టలు తీసేస్తే సగం దయ్యాలు పోతాయి. మనిషితో వాదించకండి, "నాకు కనపడలేదు గాని నీకు భయంగా ఉంటే లైటేస్తా" అనండి, చాలు.

ఇవి ఉన్నట్టుండి ఎక్కువైతే మాత్రం మందుల వైపు చూడాలి. వణుకుకని ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర పెద్దవయసు వాళ్ళలో మతి తడబాటునూ, ఈ లేనిపోని దృశ్యాలనూ తెస్తుంది, దగ్గర చూపును మసకబరుస్తుంది, కొన్నిరకాల నీటికాసులున్న కంటికి హాని చేస్తుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఇట్లాగే జరుగుతుంది. గొడవ చేస్తున్నాడని నిద్రకిచ్చే హాలోపెరిడాల్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ డోపమైన్‌ను అడ్డుకుంటాయి, ఉన్న నడక కూడా పోగొడతాయి. ఏ చిన్న ఆసుపత్రికి పోయినా "మా నాయనకు పార్కిన్సన్స్ ఉంది" అన్న మాట మొదట చెప్పండి.

ఈ జబ్బుకు వాడే లెవోడోపా మాత్ర వేళ గురించి రెండు ముక్కలు. పప్పు, పెరుగు, గుడ్డు, మాంసం లాంటి వాటిలోని ప్రొటీను పేగుల్లో దీనికి పోటీ వస్తుంది. సంగటీ పప్పూ తినడానికి అరగంట నుంచి గంట ముందు మాత్ర వేసుకుంటే సరిగా ఒంటపడుతుంది. స్నానం, గుడి, బ్యాంకు అన్నీ మాత్ర పట్టు మీదున్న వేళకు పెట్టుకోండి. నల్లమలలో దొరికే దూలగొండి గింజలో లెవోడోపా ఉన్నమాట నిజం. అందుకే దాన్ని ఇష్టం వచ్చినట్టు పొడిచేసి మాత్రతో కలిపి ఇవ్వకూడదు. గింజగింజకూ మోతాదు మారుతుంది. లెవోడోపా ఎక్కువైతే ఒళ్ళు మెలికలు తిరుగుతుంది.

చేతిరాత కూడా అడుగులాగే చిన్నబోతుంది. బ్యాంకులో సంతకం కలవలేదంటారు. ఇంట్లో రెండు గీతల కాపీ పుస్తకంలో, అక్షరం పైగీతకూ కింది గీతకూ తగిలేలా రాయించండి, రాత మళ్ళీ పెద్దదవుతుంది. ఇక్కడ కూడా మందు గీతే. అప్పటికీ కుదరకపోతే సాక్షులతో వేలిముద్ర తీసుకునే పద్ధతి బ్యాంకుల్లో ఉంది, అడగండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ కూడా ఉంది. సదరం శిబిరంలో పరీక్ష చేయించుకుని వైకల్యం 40 శాతానికి తగ్గకుండా తేలితే పింఛనుకు అర్హత వస్తుంది. ఈ సంగతి తెలియక వదులుకోకండి.

నరాల డాక్టరు కర్నూలు పెద్దాసుపత్రిలో ఉన్నారు. క్లిష్టమైన వాటికి హైదరాబాదు నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్ ఉన్నాయి. సఫినమైడ్ అనే మందు మీద అంతర్జాతీయ పరీక్ష నడిపి 2014లో ఫలితాలు ప్రకటించిన బృందానికి ముందున్నది అప్పటి నిమ్స్ వైద్యుడు రూపం బోర్గోహైన్, కాబట్టి తెలుగునేల మీద ఈ జబ్బు తెలిసినవాళ్ళు లేరనుకోనక్కర్లేదు. అక్కడికి పోయినప్పుడు ఒక చిక్కొస్తుంది. ఆసుపత్రి వరండా వెడల్పుగా ఉంటుంది, డాక్టరు ముందు పెద్దాయన ధ్యాస పెట్టి నడుస్తాడు, ఒక్కసారి కూడా ఆగడు. "బాగానే నడుస్తున్నారే" అంటారు. అందుకని పోయేముందు ఇంట్లోనే, ఆగిపోయే గడప దగ్గరే, ఫోన్లో ఒక వీడియో తియ్యండి. కాళ్ళు, నేల రెండూ కనిపించాలి. మాత్ర వేసుకుని ఎంతసేపైందో వీడియోలోనే మాటగా చెప్పండి. దయ్యాలు కనిపిస్తున్నాయన్న సంగతి ఒక చీటీ మీద రాసి, వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని పోండి. డాక్టరు అడగకపోయినా ఆ వీడియో చూపించి, గడప దగ్గర ఎందుకు ఆగుతున్నాడో మీరే అడగండి.